సగం చేసి వినాల్సిన మాట

జురా కొండల్లోని లే కాంబెట్‌లో గడియారాలకి స్ప్రింగులు బిగించే ఆడవాళ్ళు రోజుకి ఎన్ని గడియారాలు ముగించారో చెబితే, వినేవాళ్ళు ఆ లెక్కను మనసులోనే సగం చేసుకుంటారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. ఆదివారం చర్చి మెట్ల మీద మార్త్ "మొన్న రెండు డజన్లు లాగేశాను" అంటే, పక్కవాళ్ళు "అబ్బో" అంటారు, డజనని అర్థం చేసుకుంటారు, తమ వంతు వచ్చినప్పుడు తామూ రెండు డజన్లంటారు. మగవాళ్ళు పట్టిన చేపల గురించి చెప్పుకోరూ, అలాగే. దాన్ని మా ఊళ్ళో ఎవరూ అబద్ధమనుకోరు. మాటకి కాస్త ముస్తాబు చేయడం, అంతే. ఆ ముస్తాబు సముద్రం దాటి వెళ్ళి మా మెడ మీదికే కత్తిలా తిరిగొస్తుందని ఎవరనుకున్నారు?

బ్లూయెట్ మతీల్ ఈ పనిలో పెద్ద చెయ్యి. మొగుడు యుద్ధం ఆఖరి ఏడు సరిహద్దు కాపలాకి వెళ్ళి, తూటా తగలకుండానే, విషజ్వరంతో పోయాడు. పెళ్ళికి ముందునుంచీ వచ్చిన పనే కాబట్టి, అప్పటినుంచి తూర్పు కిటికీ దగ్గర బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఒంటిచేత్తో ఇల్లు నడుపుకొచ్చింది. గడియారంలో వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగు ఒకటుంటుంది. దాని చివరి చుట్టుని పట్టకారుతో పైకెత్తి వంచాలి. ఆ వంపు సరిగ్గా కుదిరితేనే గడియారం నిలబెట్టినా పడుకోబెట్టినా ఒకే నడక నడుస్తుంది. ఎవరి చేతి ముగ్గు వాళ్ళు గుర్తుపట్టినట్టు, ఎవరి వంపు వాళ్ళు గుర్తుపడతారు. బ్లూయెట్ వంపైతే ఊరంతా గుర్తుపడుతుంది, ఆ సంగతి ఆమెకీ బాగా తెలుసు. వినయం ఆమె ఒంట్లో ఇసుమంతైనా లేదు.

పక్కింట్లో వ్రేని ఉండేది. పోస్టుమాన్ షార్ల్‌ని చేసుకుని జర్మన్ మాట్లాడే వైపునుంచి మా కొండ మీదికొచ్చిన మనిషి. చెప్పింది చెప్పినట్టు తీసుకునే రకం. కాపురానికొచ్చిన కొత్తలో బ్లూయెట్ మర్యాదకి "ఎప్పుడైనా కాఫీకి రా వ్రేనీ" అంటే, మర్నాడు కోడి కూయకముందే వచ్చి తలుపు కొట్టింది. ఊరు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతుంది. ముప్పై ఏళ్ళకి ఈ పని నేర్చుకుంది కాబట్టి ఆమెని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకునేవారు కాదు. చర్చి మెట్ల మీద తనూ రెండు డజన్లంటే, డజను కూడా ఉండదులే అనుకునేవారు. తెల్లారకముందే వాళ్ళింట్లో దీపం వెలిగేది. జర్మన్ బైబిలు చదువుకుంటోంది కాబోలనుకునేవారు. నలభై దాటకుండానే సీసా అడుగంత మందం కళ్ళజోడు పడితే, ఆ చిన్న అక్షరాల పుణ్యమేనన్నారు.

పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిది శరదృతువులో, పచ్చిక బయళ్ళలో నిప్పుల్లో సాసేజీలు కాల్చుకు తినే రోజుల్లో, అమెరికావాడు దిగాడు. పేరు ట్రెడ్‌వే. బెర్న్‌లో ఉండి వాళ్ళ సర్కారుకి వ్యాపార వివరాలు పంపడం అతని ఉద్యోగం. అమెరికాలో గడియారాల మీద సుంకం పెంచాలని గొడవ జరుగుతోందని మాకు అప్పటికే తెలుసు. మేము చేసేవాటిలో పెద్ద వంతు అక్కడికే పోతుంది. ఆ తలుపు మూసుకుంటే లోయ మొత్తం పస్తే. కాబట్టి వచ్చినవాణ్ణి ఎలా చూడాలా అని ఊళ్ళో భయం ఉండనే ఉంది.

ఆ భయాన్ని తీర్చినవాడు బ్లూయెట్ వాళ్ళన్నయ్య ఉలిస్. మగవాళ్ళ పాటల మేళానికి అధ్యక్షుడు, గడియారాల పనివాళ్ళ కమిటీకి అధ్యక్షుడు, ఇంకేదైనా సంఘం పెడితే దానికీ అధ్యక్షుడే. స్టేషన్లో రైలు దిగిన ట్రెడ్‌వే కోటు లోపలి జేబులోంచి గడియారం తీసి స్టేషను గడియారంతో పోల్చుకున్నాడు. ఉలిస్ మెడ సాచి చూశాడు. అది మా ఊరి జకో కార్ఖానాలో తయారైన గడియారం. సెకను కూడా తేడా లేదు.

"మన గడియారం గుండెల మీద పెట్టుకు తిరిగేవాడు మన గొంతెందుకు కోస్తాడ్రా?" అని ఉలిస్ ఆ మధ్యాహ్నమే ఊరంతా చాటాడు. ఇంకో ఊరివాళ్ళైతే మనిషి కళ్ళు చూస్తారు, మాట చూస్తారు, వెనకున్నవాళ్ళెవరో చూస్తారు. మేము జేబు చూశాం. గడియారం సరిగ్గా నడుస్తుంటే మనిషీ సరిగ్గానే నడుస్తాడనుకున్నాం. ఇంతకంటే తెలివితక్కువ పని గడియారాల వాళ్ళు తప్ప ఎవరు చేస్తారు?

పని చూస్తానంటే అతన్ని బ్లూయెట్ ఇంటికి తీసుకెళ్ళారు. పెద్ద చెయ్యిని కదా చూపించాలి. గది నిండా జనం చేరారు. మార్త్ వాల్‌నట్ కేకు తెచ్చింది. ఉలిస్ మంచినీళ్ళ కూజా పక్కన లేబుల్ లేని సీసా పెట్టాడు. ఆ పచ్చరసం, నీళ్ళు పోస్తే తెల్లబడే మూలికల సారా, మా దేశంలో నిషేధం, అతని దేశంలో మందు మొత్తం నిషేధం. రెండు దేశాల చట్టాలూ ఒకే గ్లాసులో కలిసి పాలలా తెల్లగా విరిగాయి. ట్రెడ్‌వే తాగి, బాగుందన్నాడు. మా మాట చక్కగా మాట్లాడేవాడు. నవ్వితే పళ్ళన్నీ కనపడేవి.

అతను తన గడియారాన్ని బ్లూయెట్ చేతికిచ్చాడు. ఆమె వెనక మూత తెరిచి, భూతద్దం పెట్టుకుని చూసింది, అలాగే ఉండిపోయింది. లోపల ఊపిరాడుతున్నట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న స్ప్రింగు చివరన తన వంపే ఉంది. మొగుడు పోయిన ఏడాది చేసిన వంపు. అప్పట్లో చెయ్యి కాస్త లోపలికి తిప్పేది.

"ఇది నాది" అంది. కన్నీళ్ళు ఆపుకుంటూ అన్న మాట అది. ట్రెడ్‌వే కుర్చీలోంచి లేచి ఆమెకి తలవంచాడు. ఇక ఆమె అతన్ని కన్నకొడుకులా నమ్మింది. గుండె మీద తన పని మోసుకు తిరిగే మనిషి!

తర్వాత అతను పుస్తకం, పెన్సిలు తీసి అడగడం మొదలెట్టాడు. రోజుకి ఎన్ని చేస్తారు మేడమ్ అన్నాడు. బ్లూయెట్ తడుముకోలేదు. ఇరవై ఏళ్ళుగా నోట్లో నానిన అంకె అది. రెండు డజన్లంది. ఉలిస్ అక్కడితో ఆగనిచ్చాడా? పండగ ముందైతే ఇంకా ఎక్కువేనండీ, మా చెల్లెలి చేతికి అలుపు లేదన్నాడు. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ తలలూపారు. ఎవరి మనసులో వాళ్ళు సగం చేసుకున్నారు, అతనూ చేసుకుంటాడనే అనుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ వ్రేని కూడా తలూపింది.

సాయం ఎవరైనా ఉన్నారా అన్నాడు. ఎవరూ లేరంది. వీధి చివర ముసలామె స్ప్రింగుల కొసలకి సూదిమొనంత మేకులు గుచ్చి ఇస్తుందనీ, దానికి తను విడిగా ఇచ్చుకుంటుందనీ చెప్పలేదు. పరాయివాడి ముందు ఇంకొకరి సాయం మీద బతుకుతున్నానని ఎవరు చెప్పుకుంటారు? దీపం నూనె గురించి అడగలేదు, చెప్పలేదు. చలికాలం కళ్ళలోంచి నీరు కారి రెండేసి రోజులు పని మానేయడం గురించీ చెప్పలేదు. రోజు గడవడానికి ఎంత కావాలంటే, "మాకేం కావాలండీ, బంగాళాదుంపలు, జున్ను, ఇంత కాఫీ. ఏ లోటూ లేదు" అంది. ఏ లోటూ లేదన్న మాటని కూడా అతను పొందిగ్గా రాసుకున్నాడు.

వెళ్ళేటప్పుడు మీ గురించి మావాళ్ళకి తప్పకుండా రాస్తానన్నాడు. రాశాడు.

మరుసటి ఏడు వసంతంలో, మంచు కరిగి వీధులన్నీ బురదగా ఉన్నప్పుడు, కాఫీ హోటల్లో ఉలిస్ పేపరు పైకి చదువుతున్నాడు. అమెరికా చట్టసభలో సుంకం మీద ఎవడో ప్రసంగించాడట. జురా కొండల్లో ఒక కుగ్రామంలో ఒక విధవ కిటికీ దగ్గర కూర్చుని, ఏ సాయం లేకుండా, బంగాళాదుంపలు తింటూ, మన కార్ఖానాల్లో ముగ్గురమ్మాయిలు చేసే పనిని ఒక్కతే ఒక్క రోజులో చేసేస్తోంది, ఇలాంటివాళ్ళతో మన పిల్లలు ఎలా పోటీ పడతారు అన్నాడట. అక్కడిదాకా చదివి ఉలిస్ పేపరు మడిచి పెట్టేశాడు. పేరు రాయనక్కర్లేదు కదా. లోయలో కిటికీలు చాలా ఉన్నాయి, అమెరికావాడు కూర్చుని కేకు తిన్న కిటికీ ఒకటే.

వాళ్ళ సూత్రం చాలా తేలిక. ఒక వస్తువు ఇక్కడ చవగ్గా తయారైతే, అక్కడ ఖరీదైతే, ఆ తేడా ఎంతో అంత సుంకం వేస్తారు. ఇక్కడి పని ఎంత చవకని తేలితే అక్కడి గోడ అంత ఎత్తు లేస్తుంది. ట్రెడ్‌వే బంగాళాదుంపల ఖర్చుని రెండు డజన్లతో భాగించాడు. తనకి సగం చేయాలని ఎవరు చెప్పారు గనుక? బ్లూయెట్ తన గొప్ప కోసం చెప్పిన ఒక్క అంకె ఊళ్ళోని ఆడవాళ్ళందరి నెత్తిన రాయిలా పడింది.

"నీ డాబుకి మా పొట్టలు కొట్టావు కదే" అంది మార్త్, నీళ్ళ తొట్టి దగ్గర, అందరూ వింటుండగా.

"ఆ రోజు గదిలో నువ్వు లేవూ? కేకు తెచ్చింది నువ్వు కాదూ? నా లెక్క తప్పని అప్పుడే అనలేకపోయావా?"

"అతిథి ముందు నీ పరువు తీస్తానా?"

"మరి నీ లెక్కెంతో ఇప్పుడు చెప్పు. వీళ్ళందరి ముందూ చెప్పు."

మార్త్ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. చెబితే ఇన్నేళ్ళ ముస్తాబు ఊడిపోతుంది. అందుకని తప్పంతా బ్లూయెట్ ఒక్కదాని మీద పెట్టి బట్టలు పిండుకుని వెళ్ళిపోయారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. కానీ అందరి నోళ్ళూ కలిసి జారినప్పుడు ఒక్కదాని పళ్ళే రాలాలా? ఆ మాట ఆమె ఎవరితో అనాలో తెలియక గోడలతో అనుకుంది.

జూన్‌లో చట్టం వచ్చింది. ఆ వారమే జకో, ఆ గడియారాల కార్ఖానా యజమాని, ఆడవాళ్ళందర్నీ పిలిచి కూలి తగ్గిస్తున్నానన్నాడు. సుంకం బరువు తనొక్కడే ఎలా మోస్తాడట. పైగా రోజుకి రెండేసి డజన్లు చేస్తున్నారని అమెరికా చట్టసభలోనే తేలింది కదా, అంత సంపాదించేవాళ్ళకి కాస్త తగ్గితే ఏం పోతుందన్నాడు. ఎవరి పెట్టెలో ఎన్ని వచ్చాయో రోజూ అతని గుమస్తా ఎంచి తీసుకుంటాడు. నిజం ఎంతో ఈ భూమ్మీద అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. తెలిసే అన్నాడు. ముఖం చూసి నవ్వుతూ అన్నాడు. బ్లూయెట్‌కి ఒళ్ళు భగ్గుమంది. అమెరికావాడు తెలియక గొంతు కోశాడు, వీడు తెలిసి కోస్తున్నాడు.

కమిటీవాళ్ళు ఊరుకుంటారా! ఊరుకోలేదు. అమెరికా సరుకు కొనం, వాడం అని దేశమంతా అంటుంటే ఉలిస్ కూడా బయల్దేరాడు. ఇల్లిల్లూ తిరిగి అమెరికా వస్తువులేవో వెతికారు. డబ్బాలో అనాసముక్కలు దొరికాయి, మూడు టైపు మిషన్లు, ఒక మోటారు బండి. ఉలిస్ తన రేజరు అక్కడిదని గడ్డం పెంచాడు. పెంచినవాడు ఊరుకోకుండా ఆ గడ్డాన్ని దువ్వుకుంటూ తిరిగాడు. ఆఖరికి చెల్లెలి ఇంటికొచ్చి ఆమె అమెరికా కుట్టుమిషను చక్రానికి తాడు కట్టి, ముడి మీద లక్క వేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

"అన్నయ్యా, చలికాలానికి కోటు కుట్టుకోవాలి నేను."

"చేత్తో కుట్టుకో. నీవల్లే కదా ఇదంతా."

"స్టేషన్లో వాడి జేబు చూసి మురిసిందెవరు?"

ఉలిస్ గడ్డం దువ్వుకున్నాడు. బ్లూయెట్ చేత్తోనే కుట్టుకుంది. ప్రతి కుట్టుకీ ఒక్కో తిట్టు తిట్టుకుంటూ కుట్టింది. యుద్ధంలో అందరికీ అప్పులిచ్చిన దేశం, ఆ అప్పులు వడ్డీతో తీర్చమని పీకల మీద కూర్చున్న దేశం, ఎవరి సరుకూ తన గడప తొక్కకూడదంటుందేమిటి? సరుకు అమ్ముడుపోకుండా ఎవడు ఏం తీరుస్తాడు? మేమైతే వాళ్ళకి బాకీ లేం. కానీ మా గడియారాలు కొనే పక్క దేశాలవాళ్ళందరూ ఉన్నారు. వాళ్ళ చేతులూ మా చేతులూ ఒకే తాడుతో కట్టేశారు. పైగా ఆ ఊళ్ళమీద ఊళ్ళు తిరిగే ఉద్యోగులు, ఆ నవ్వులు, ఆ తలవంచడాలు. అంత పెద్ద దేశానికి ఒక విధవ తినే బంగాళాదుంపలు కూడా లెక్కలోకి కావాల్సి వచ్చాయా? ఆమెకి దారం తెగేది, మళ్ళీ ఎక్కించుకునేది.

ఆ చలికాలం కార్ఖానానుంచి పని పెట్టెలు వారానికొకటి కూడా రాలేదు. వ్రేని మాత్రం ఆ గొడవలన్నిట్లోనూ ఒక్క మాట మాట్లాడలేదు. తొట్టి దగ్గర కనిపిస్తే తలవంచుకుని వెళ్ళిపోయేది. ఆమెకి కోపం వచ్చిందనుకుంది బ్లూయెట్. రాదా మరి అనుకుంది.

ఫిబ్రవరిలో ట్రెడ్‌వే మళ్ళీ వచ్చాడు. అతన్ని ఇంకో దేశానికి బదిలీ చేశారట. బెర్న్‌లో మంచు మీద జారిపడితే గడియారం జేబులోంచి ఎగిరి రాతి మీద పడింది. స్ప్రింగు చుట్టుకుపోయింది. ఇంకెవరిచేతా ముట్టించనని, దాన్ని చేసిన చేతికే ఇద్దామని రైలెక్కి వచ్చాడట. బహిష్కారం, తాడు, లక్క అన్నీ మర్చిపోయి ఉలిస్ అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దారిలోనే జకో కబురు పంపాడు, పని బాగా చేసి పెట్టమని, ఈయన పై వాళ్ళకి మంచి మాట చెబితే మళ్ళీ పెట్టెలు మొదలవుతాయని. చెప్పకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు కదా.

ట్రెడ్‌వే అదే కుర్చీలో కూర్చున్నాడు. పాపం మంచివాడే. ఒళ్ళు మండేది అందుకే.

"మీకు నామీద కోపంగా ఉందని మీ అన్నయ్యగారు చెప్పారు మేడమ్. నేను ఒక్క ముక్క అబద్ధం రాయలేదు. మీరు చెప్పిందే రాశాను. ఎంతో గౌరవంగా రాశాను."

"తెలుసు" అంది బ్లూయెట్. "పుస్తకం తీయండి. పెన్సిలు తీయండి. ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. రెండు డజన్లు కాదు, ఒక్కటి. అదీ వెలుతురు బాగున్న రోజున."

ఉలిస్ దగ్గాడు. ఆమె ఆగలేదు. మేకులు గుచ్చే ముసలామె సంగతి చెప్పింది, నూనె సంగతి చెప్పింది, కళ్ళ సంగతి చెప్పింది. బంగాళాదుంపలు మీకు పెట్టలేదు కదా, కేకు పెట్టాం, మరి కేకెందుకు రాయలేదని అడిగింది. ఈ ఊళ్ళో లెక్కలు సగం చేసి వినాలని చెప్పింది. ఇరవై ఏళ్ళ గొప్పని అన్న ముందు, పరాయివాడి ముందు తన చేత్తోనే విప్పి కింద పడేసింది. ట్రెడ్‌వే పుస్తకం తీయలేదు. ముఖం ఎర్రబడింది. నిజంగానే బాధపడ్డాడు.

"అదంతా అచ్చయిపోయింది మేడమ్. చట్టం కూడా అయిపోయింది. ఇప్పుడు మార్చడానికి వీల్లేదు. నాకు ముందే చెప్పుంటే బాగుండేది."

"మార్చలేరా?"

"లేను."

"రాసి పంపనైనా పంపరా?"

"ఎవరికి పంపాలి? ఆ ఫైలు మూసేశారు."

బ్లూయెట్ భూతద్దం పెట్టుకుంది. గడియారం మూత తెరిచి, మరలు విప్పి, చక్రాన్ని పైకి లేపి, చిక్కుపడిన స్ప్రింగుని దానినుంచి విడదీసింది. దాన్ని తెల్లకాగితం మీద పెట్టింది. చక్రాన్ని మళ్ళీ లోపల పెట్టి, మరలు బిగించి, మూత వేసి, గడియారాన్ని గుడ్డతో తుడిచి అతని చేతికిచ్చింది.

అతను అలవాటుగా చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"స్ప్రింగు పెట్టలేదు మేడమ్."

"పెట్టలేదు."

"అది నాది. డబ్బిచ్చి కొన్నాను."

"దాని ఖరీదు మీరే తేల్చారు కదండీ. దాదాపు ఏమీ లేదని మీ సభలోనే చదివారు. ఆ ఏమీ లేనిదాన్నే నేను తీసుకున్నాను. మిగతాదంతా మీకిచ్చేశాను. మీ ఊళ్ళో ముగ్గురమ్మాయిల్ని కూర్చోబెట్టి ఇంకోటి చేయించుకోండి."

ఉలిస్ అరిచాడు, బతిమాలాడు, జకో పేరెత్తి బెదిరించాడు. ఆమె తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. ట్రెడ్‌వే టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు. నడవని గడియారాన్ని అదే జేబులో పెట్టుకున్నాడు. బ్లూయెట్‌కి చాలా నెలల తర్వాత కోపం కాస్త చల్లారినట్టనిపించింది. ఆ చల్లదనం ఎన్నాళ్ళో నిలవలేదు.

సోమవారం పని పెట్టె రాలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు. ఆ మధ్యాహ్నం వ్రేని తలుపు కొట్టింది. లోపలికి వచ్చి, శాలువా తీయకుండా, కూర్చోకుండా నిలబడింది.

"ఆ స్ప్రింగు తీసేశావట. చూపించు."

బ్లూయెట్ కాగితం ముందుకి జరిపింది. అప్పటికి చిక్కు విడదీసింది, వంపు మళ్ళీ కనపడుతోంది. వ్రేని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, భూతద్దం పెట్టుకుని, ముక్కు కాగితానికి తగిలేంత వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నీ పనే" అంది. "బాగుంది."

"కూర్చో వ్రేనీ. కాఫీ పెడతాను."

"మీ అన్న ఊరంతా చెప్తున్నాడు, నువ్వు అమెరికావాడితో రోజుకి డజనే చేస్తానన్నావని. కోపంలో అన్నావా, నిజమేనా?"

"నిజమే."

"ముందునుంచీ అంతేనా? నేను ఈ ఊరొచ్చినప్పటినుంచీ?"

"అందరం అంతే కదే. చర్చి మెట్ల మీద మాటలు సగం చేసి వింటాం. నీకు తెలియదా?"

వ్రేని కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకుంది. ఆ మందపు అద్దాల వెనక కళ్ళు చాలా చిన్నగా కనపడ్డాయి.

"నాకెవరు చెప్పారు? మీరందరూ రెండు డజన్లు చేస్తున్నారనుకున్నాను. ఈ ఊరి పని నాకు చేతకాదని నవ్వుతారని తెల్లారకముందే లేచి కూర్చున్నాను. ఏళ్ళ తరబడి కూర్చున్నాను. ఆఖరికి అందుకున్నాను. నాలుగేళ్ళనుంచి రోజుకి రెండు డజన్లు చేస్తున్నాను బ్లూయెట్. నా పెట్టెలు చూసి జకో గుమస్తా తలూపేవాడు, ఏమీ అనేవాడు కాదు."

బ్లూయెట్‌కి తెల్లవారుజామున వెలిగే దీపం గుర్తొచ్చింది. జర్మన్ బైబిలనుకుని నవ్వుకున్న నవ్వులు గుర్తొచ్చాయి. ఆ కోపమంతా, ఇన్నాళ్ళూ అమెరికా మీద, జకో మీద, అన్న మీద విసిరిన కోపమంతా, విసిరినంత వేగంతోనే తిరిగొచ్చి ఆమెకే తగిలింది.

"నేను మెట్ల మీద నిలబడి రెండు డజన్లని చెప్పినప్పుడు, నాదీ సగం చేసే విన్నారా?"

వ్రేని ముఖంలో కోపం ఎలా ఉంటుందో బ్లూయెట్ అప్పుడే మొదటిసారి చూసింది. అరుపు లేదు, ఏడుపు లేదు. శాలువా బిగించుకుంది.

"నీ మాట నమ్మింది ఆ అమెరికావాడు ఒక్కడే కాదు" అంది. "వాడికి పోయింది ఒక గడియారమే."

తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి వదిలాక ఆడవాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. పని లేకపోయినా పాత అలవాటు పోదు. ఏదో కొత్త దుకాణంనుంచి కాస్త పని వచ్చిందని మార్త్ చెప్పింది, మొన్న ఒక్క పూటలో డజను లాగేశానంది. అబ్బో అన్నారు. బ్లూయెట్ ముందుకొచ్చింది. వ్రేని ఎక్కడుందో వెతికి చూసుకుని, ఆమెకి వినపడేంత గట్టిగా అంది.

"నేనెప్పుడూ రోజుకి డజను మించి చేయలేదు. ఈ ఊళ్ళో రెండు డజన్లు చేసే చెయ్యి ఒక్కటే ఉంది. అది వ్రేనిది."

ముందు మార్త్ నవ్వింది, మిగతావాళ్ళూ నవ్వారు. పాపం పక్కింటిది మాట్లాడటం మానేసింది, మంచి చేసుకోవడానికి తంటాలు పడుతోందన్నారు. ఆ డజనుని ఆరుగా, ఆ రెండు డజన్లని ఒకటిగా చేసుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒక్క వ్రేని మాత్రం మెట్ల చివర నిలబడి, ఎప్పటిలాగే, చెప్పింది చెప్పినట్టు వింది.